ఊరికి తెలియని ఊరి తీర్మానాలు

మన నీళ్లు, మన పన్ను, మన వీధి దీపం... నెలకోసారి కౌన్సిల్ హాల్లో తేలిపోతాయి. ఆ హాల్లో ఏం జరుగుతోందో ఊరు పట్టించుకుంటోందా?

ప్రతి మునిసిపల్ ఆఫీసులోనూ నెలకోసారి ఒక కాగితాల కట్ట తయారవుతుంది. దాని పేరు ఎజెండా. ఎన్నో వార్డులో సీసీ రోడ్డుకు ఎంత, డైలీ మార్కెట్ ఆశీళ్ల పాట ఎవరికి దక్కింది, మంచినీటి పంపుహౌస్‌లో మోటారు కాలిపోతే రిపేరుకు ఏ పద్దు నుంచి తీశారు, బస్టాండు పక్క షాపుల లీజు ఎంతకు పొడిగిస్తున్నారు, వానలు పడేలోపు కాలువల పూడికతీతకు ఎంత ఖర్చవుతుంది... అంశం వెనుక అంశంగా అన్నీ అందులో ఉంటాయి. మీ ఇంటి ముందు కాలువ తవ్వి నెలల తరబడి అలాగే ఎందుకు వదిలేశారో తెలుసుకోవాలంటే వెతకాల్సింది ఆ కట్టలోనే. సమావేశానికి ముందు అది కౌన్సిలర్ల ఇళ్లకు చేరుతుంది. ఓటేసిన మనకు చేరదు.

మనకు చేరేది మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వార్త. ‘కౌన్సిల్ రసాభాస’, ‘వాడివేడిగా సమావేశం’, ‘పోడియం ముందు బైఠాయింపు’. ఎవరు ఎవరిని ఏమన్నారో, ఎజెండా ప్రతులు ఎవరు చించారో వివరంగా రాస్తారు. గొడవ సద్దుమణిగాక మిగిలిన కాసేపట్లో పదుల కొద్దీ అంశాలకు మమ అనిపించిన సంగతి చివరి వాక్యంలో వస్తుంది. నా దృష్టిలో అసలు వార్త ఆ చివరి వాక్యమే. ఆ అంశాలు ఏమిటి, ఎవరు అడిగారు, ఎవరు అడ్డుచెప్పారు, ఎంత డబ్బు అన్నది మనకు అందడం లేదు.

ఊరి గురించిన నిర్ణయం ఊళ్లోనే జరగాలి, ఊరికి తెలిసి జరగాలి. చిన్న కోరికే. ఇంత చిన్న కోరిక కోసం తెలుగువాళ్లు ఒకప్పుడు ఇళ్లూ వాకిళ్లూ వదిలి వెళ్లారు.

ఊరే లేచిపోయిన ఊరు

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకు ముందు అవి చుట్టుపక్కల పేటలతో కలిసి చీరాల యూనియన్ అనే చిన్న స్థానిక సంస్థగా ఉండేవి. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా వసూలైన పన్ను సుమారు 4 వేల రూపాయలు. మునిసిపాలిటీ వచ్చాక అది 40 వేలకు పెరిగింది. మగ్గం మీద, సేద్యం మీద బతికే ఊరికి పన్ను ఒక్కసారిగా పదింతలైంది. పట్టణం పెరుగుతోంది, పారిశుధ్యం బాగుపడాలి అన్నది ప్రభుత్వం మాట. ఈ బరువు మేం మోయలేం, మా యూనియన్ మాకు చాలు అన్నది ఊరి మాట. అర్జీల మీద అర్జీలు వెళ్లాయి. మద్రాసు ప్రభుత్వంలో స్థానిక పాలన శాఖ అప్పట్లో మంత్రి పానగల్లు రాజా చేతిలో ఉంది, ఆయనా తెలుగువాడే. అయినా మద్రాసు మనసు మారలేదు. జనం పన్ను కట్టడం మానేశారు. జైలుకు వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారు.

ఈ ఉద్యమానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి, తిరిగొచ్చి రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని కట్టిన మనిషి. 1921లో బెజవాడలో ఏఐసీసీ సమావేశం అయ్యాక గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. అహింస తప్పకుండా పన్నుల నిరాకరణ సాగించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దులు దాటి బయటికి వెళ్లిపోవడం రెండోది. హద్దుల్లో లేనివాళ్ల మీద మునిసిపల్ పన్ను ఉండదు కదా. ఏ దారి పట్టినా కాంగ్రెస్ ఆసరా చూసుకోకుండా సొంత బలం మీదే నిలబడాలన్నారు.

చీరాల రెండో దారి పట్టింది. 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ఇళ్లకు తాళాలు వేసి, పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పిల్లాపాపలతో, ముసలీముతకతో, ఎండకు ఎండి వానకు తడిసి అక్కడే దాదాపు 11 నెలలు గడిపారు. ఆ మధ్యలో బరంపురంలో నిషేధం ధిక్కరించి మాట్లాడినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలు పడింది. నాయకుడు లేడు, డబ్బు అయిపోయింది, ప్రభుత్వం బిగించింది. చివరికి జనం ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ ఉండిపోయింది.

చీరాల-పేరాల కథను మనం స్వాతంత్ర్యోద్యమ పాఠంలో ఒక పేరాగా చదివి వదిలేస్తాం. అందులో నన్ను పట్టి నిలిపే సంగతి మరొకటి ఉంది. మునిసిపాలిటీ వద్దని వచ్చిన జనం రామనగర్‌లో ఏం చేశారు? తమ ప్రతినిధులను తామే ఎన్నుకుని ఒక సభ పెట్టుకున్నారు. తగాదాలు తీర్చుకోవడానికి పంచాయితీ కోర్టు పెట్టుకున్నారు. అంటే వాళ్లు పాలనను కాదనలేదు. తమను అడగకుండా తమ మీద రుద్దిన నిర్ణయాన్ని కాదన్నారు. తాటాకు పాకల్లో ఉంటూ, రేపు ఏమవుతుందో తెలియని రోజుల్లో, వాళ్లు తమ కోసం కట్టుకున్న తొలి సంస్థల్లో ఒకటి కౌన్సిల్ లాంటి సభే. ఈ మాట చీరాలలో ఒక శిలాఫలకం మీద ఉండదగింది.

రిప్పన్ నుంచి రాజ్యాంగం దాకా

మన మునిసిపాలిటీలు చిన్నవయసు సంస్థలు కావు. భీమునిపట్నం మునిసిపాలిటీ 1861 నాటిది. 1860ల్లోనే కోస్తాలో మరికొన్ని పట్టణాలకు మునిసిపాలిటీలు వచ్చాయి. బెజవాడకు 1888లో వచ్చింది. మొదట్లో వాటిని నడిపింది కలెక్టర్లు, వాళ్లు ఎంపిక చేసిన పెద్దమనుషులు. 1882లో లార్డ్ రిప్పన్ చేసిన తీర్మానం ఎన్నికైన సభ్యులకు తలుపు తీసింది. ఆ తలుపులోంచి లోపలికి వెళ్లి ప్రజాజీవితం నేర్చుకున్నవాళ్లలో టంగుటూరి ప్రకాశం ఒకరు. ఆయన రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా పనిచేశారు. ముఖ్యమంత్రి పదవి ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణ పాలక సంస్థలకు రాజ్యాంగంలో చోటు దక్కింది. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, పారిశుధ్యం, మురికివాడల అభివృద్ధి, పార్కులు, శ్మశానాలు, వీధిదీపాలతో 12వ షెడ్యూల్‌లో 18 విధుల జాబితా ఉంది. కౌన్సిల్ పదవీకాలం అయిదేళ్లు. అది ముగిసేలోపే కొత్త ఎన్నికలు పూర్తికావాలని 243-యు అధికరణం చెబుతోంది. కాగితం మీద ఇంతకంటే స్పష్టంగా రాయడం కష్టం. కాకపోతే ఆ 18 విధుల్లో ఏవి, ఎంతవరకు అప్పజెప్పాలన్నది రాష్ట్ర శాసనసభల చేతిలోనే వదిలేశారు. అసలు చిక్కంతా అక్కడే పడింది.

పన్ను ఎవరు వేశారు?

2020 చివర్లో ఆంధ్రప్రదేశ్ ఆస్తి పన్ను పద్ధతిని మార్చింది. అంతకు ముందు ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద పన్ను లెక్కగట్టేవారు. దాని బదులు రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా మూలధన విలువ కట్టి, నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం వరకు, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను వేయవచ్చన్నారు. ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్నారు. 2021 ఏప్రిల్ నుంచి అమలన్నారు.

ఈ మార్పు ఎక్కడ పుట్టింది? కొవిడ్ ఏడాదిలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం కొన్ని సంస్కరణలను షరతుగా పెట్టింది. పట్టణాల్లో ఆస్తి పన్నును మార్కెట్ విలువకు ముడిపెట్టడం వాటిలో ఒకటి. ఢిల్లీలో షరతు పడింది, రాష్ట్ర రాజధానిలో ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు వచ్చేనాటికి రాష్ట్రంలోని అత్యధిక పట్టణాల్లో ఎన్నికైన కౌన్సిల్ లేదు. 2021 మార్చిలో ఎన్నికలు జరిగి కొత్త కౌన్సిళ్లు కొలువుదీరే సరికి వాటి ముందు మిగిలింది పైనుంచి వచ్చిన గీతల మధ్య ఒక శాతం ఎంచుకోవడం. ఇల్లిల్లూ తిరిగి నోటీసు ఇచ్చింది మాత్రం మునిసిపల్ బిల్లు కలెక్టరే. తిట్లు తిన్నదీ ఆయనే, ఆ వార్డు కౌన్సిలరే.

విలువ ఆధారిత పన్ను తప్పని నేను అనడం లేదు. పెద్ద భవనం ఎక్కువ కట్టాలి, చిన్న ఇల్లు తక్కువ కట్టాలి అన్న సూత్రంలో న్యాయం ఉంది. నా బాధ వేరు. పన్ను వేసేవాడు, వసూలు చేసేవాడు, ఆ డబ్బు ఖర్చు పెట్టేవాడు ముగ్గురూ మూడు చోట్ల ఉంటే ఓటరు నిలదీయాల్సింది ఎవరిని?

చెత్త రుసుము సంగతీ అంతే. 2021 అక్టోబర్ 2న ‘క్లాప్’ పేరుతో ఇంటింటి చెత్త సేకరణ కార్యక్రమం మొదలైంది. ఇంటికి నెలకింతని రుసుము పెట్టారు. ప్రభుత్వం చెప్పింది గనుక కౌన్సిళ్లు ఆమోదించాయి. చాలా చోట్ల ప్రతిపక్ష కౌన్సిలర్లు చెత్తబుట్టలతో నిరసన తెలిపారు, వాకౌట్లు చేశారు. సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబర్ 2న, మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ రుసుమును రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. జనం సంతోషించారు. పెట్టడమూ తీసేయడమూ రాష్ట్రస్థాయిలోనే జరిగిపోయాయి. ఇంటింటి నుంచి చెత్త ఎత్తడానికి ఎంత ఖర్చవుతుంది, అది ఎక్కడి నుంచి రావాలి అని ఏ ఊరికి ఆ ఊరు కూర్చుని లెక్క చూసుకునే అవకాశం మాత్రం రెండుసార్లూ రాలేదు.

తెలంగాణ 2019లో తెచ్చిన మునిసిపాలిటీల చట్టంలో మంచి నిబంధనలు ఉన్నాయి. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునే పేదవాడు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు, అనుమతి కోసం ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. ఆ ఒక్క నిబంధన ఎన్ని చేతులు తడపకుండా కాపాడుతుందో ఊహించవచ్చు. అదే చట్టం జిల్లా కలెక్టర్ చేతికి మునిసిపాలిటీల మీద గట్టి అజమాయిషీ ఇచ్చింది. మొక్కలు ఎండిపోతే చైర్‌పర్సన్ జవాబుదారీ కావాల్సిందే. అయితే ఆ జవాబు ముందు వినాల్సింది కలెక్టరా, వార్డు జనమా?

ఎవరూ లేని ఏళ్లు

కౌన్సిల్ బలహీనంగా ఉండటం ఒక సమస్య. అసలు కౌన్సిలే లేకపోవడం దానికంటే పెద్దది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో మునిసిపాలిటీల గడువు ముగిస్తే 2014 మార్చి దాకా ఎన్నికలు జరగలేదు. ఆ కౌన్సిళ్లు 2019లో దిగిపోతే ఏపీలో మళ్లీ ఎన్నికలు 2021లోనే. విశాఖపట్నం నగరానికి 2012 నుంచి 2021 దాకా మేయర్ లేరు. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన కౌన్సిళ్లకు 2025 జనవరిలో గడువు తీరగానే ప్రత్యేకాధికారులు వచ్చి కూర్చున్నారు. రాజ్యాంగం ‘ముగిసేలోపే’ అని రాసిన మాట మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలా అమలైంది.

గుంటూరును తలుచుకోకుండా ఈ విషయం మాట్లాడలేను. గుంటూరు నగరపాలక సంస్థకు 2010 తర్వాత 2021 దాకా ఎన్నికైన పాలకవర్గం లేదు. 2018 మార్చిలో పాతగుంటూరు, ఆనందపేట ప్రాంతాల్లో తాగునీటి పైపుల్లో మురుగు కలిసింది. వందలాది మంది వాంతులు విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు. పది మందికి పైగా చనిపోయారు. కార్పొరేటర్ ఉంటే ఆ పైపు పగిలేది కాదని ఎవరూ చెప్పలేరు. అయితే కుళాయి నీళ్లు వాసన వస్తున్నాయని ఒక ఇల్లాలు మొదట ఎవరికి చెబుతుంది? వీధి చివర ఉండే వార్డు మెంబరుకు. బిందె తీసుకెళ్లి ఆయన వాకిట్లో కుమ్మరించే చనువు ఆమెకు ఉంటుంది. కమిషనర్ చాంబర్ ముందు ఆ చనువు ఉండదు. అప్పటికి దాదాపు ఎనిమిదేళ్లుగా గుంటూరు వీధుల్లో అలాంటి వాకిలి ఒక్కటీ లేదు.

ఎన్నికలు ఆపితే డబ్బూ ఆగుతుంది. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఎన్నికైన పాలకవర్గాలున్న సంస్థలకే దక్కాలన్నది నియమం. ఎన్నిక లేని ఏళ్లలో ఏపీ పట్టణాలు ఆ దెబ్బ కూడా తిన్నాయి.

హాలు లోపల

ఎన్నికైన కౌన్సిల్ కూర్చున్నా అన్నీ సర్దుకుంటాయని కాదు. ఎజెండాలో కొన్ని మాటలను కొంచెం ఆగి చదవాలి. ‘చైర్‌పర్సన్ ముందస్తు అనుమతితో చేసిన పనికి కౌన్సిల్ ఆమోదం కోరడమైనది’ అని ఉంటే పని అయిపోయింది, డబ్బు ఖర్చయిపోయింది, అడుగుతున్నది సంతకమే అని అర్థం. తుపాను వచ్చి చెట్లు కూలినప్పుడు అలా చేయక తప్పదు. ప్రతి నెలా, ప్రతి చిన్న పనికీ అదే వాక్యం కనిపిస్తే కౌన్సిలర్లు నిలదీయాలి. ‘టేబుల్ ఎజెండా’ అంటే ముందు పంపిన కట్టలో లేకుండా సమావేశం రోజున బల్ల మీద పెట్టే అంశాలు. వాటిని చదివే వ్యవధి ఎవరికీ ఉండదు. షాపుల లీజులు, పార్కు స్థలాల మార్పిడి లాంటివి ఆ దారిలో వస్తే ప్రతిపక్షమే కాదు, అధికారపక్షం సభ్యులూ ఆపి అడగాలి. ‘నామినేషన్ పద్ధతి’ అన్నప్పుడు టెండరు లేకుండా పని ఇచ్చారని గుర్తుపెట్టుకోవాలి. అభ్యంతరం ఉన్న కౌన్సిలర్ కుర్చీలు విసరక్కర్లేదు. తన అసమ్మతిని మినిట్స్‌లో రాయించాలి. కుర్చీ విసిరితే పేపర్లో పడుతుంది. మినిట్స్‌లో రాయిస్తే పదేళ్ల తర్వాత కోర్టులో పనికొస్తుంది.

చైర్‌పర్సన్ ఎన్నికలో ఎమ్మెల్యే, ఎంపీల ఎక్స్ అఫీషియో ఓట్లు ఉంటాయి. గట్టి పోటీ ఉన్న ఊళ్లలో అవే తేలుస్తాయి. ఒకసారి అలా తేలాక కుర్చీ ఎవరి మాట వింటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఏపీ, తెలంగాణల్లో సగం సీట్లు మహిళలవి. ఇది చిన్న మార్పు కాదు. నీళ్ల ట్యాంకర్ కోసం లైన్లో నిలబడిన మనిషికి నీళ్ల అంశం గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా చాలా ఊళ్లలో ఆమె సంతకం పెడితే ఆమె భర్తో, కొడుకో అధికారులతో మాట్లాడతాడు. అధికారులు కూడా ఫోను ఆయనకే చేస్తారు. ఈ అలవాటు అధికారుల వైపు నుంచే తెగాలి. ఎన్నికైన మనిషికి తప్ప మరొకరికి ఫైలు చూపించం అని ఒక కమిషనర్ గట్టిగా అంటే ఆ ఊళ్లో మర్నాటి నుంచే పద్ధతి మారుతుంది.

ఊరు తలుచుకుంటే ఏం జరుగుతుందో సూర్యాపేట చూపించింది. 2000ల తొలి ఏళ్లలో కమిషనర్ ఖాదర్ సాహెబ్ ఆధ్వర్యంలో ఆ మునిసిపాలిటీ చెత్తకుండీలు లేని పట్టణంగా దేశమంతటా పేరు తెచ్చుకుంది. కుండీలు తీసేసి ఇంటింటికీ బండి పంపారు. తడి చెత్తతో ఎరువు చేశారు, పొడి చెత్త అమ్మారు. దుకాణదారులు రోడ్డు మీద పారేస్తే జరిమానా వేశారు. వేరే ఊళ్ల అధికారులు చూసి వెళ్లడానికి వచ్చేవారు. పెద్ద యంత్రాలతో అయిన పని కాదది. ఇంటి ఇల్లాలు, కొట్టు యజమాని, పొద్దున్నే బండి తోసే పారిశుధ్య కార్మికుడు ముగ్గురూ ఒక మాట మీద నిలబడటం వల్ల అయింది.

అడిగితే ఇస్తారు

సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ కొన్ని వివరాలను ఎవరూ అడగకముందే బయటపెట్టాలి. కౌన్సిళ్లు, కమిటీల సమావేశాలకు జనం వెళ్లవచ్చా, వాటి మినిట్స్ జనానికి అందుబాటులో ఉన్నాయా అన్నది ఆ జాబితాలో ఉంది. మీ ఊరి మునిసిపాలిటీ మినిట్స్ బయట పెట్టకపోతే దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కరు అడిగితే గుమస్తా విసుక్కోవచ్చు. కాలనీ సంక్షేమ సంఘం, వర్తక సంఘం, కాలేజీ రాజనీతిశాస్త్ర విభాగం కలిసి ప్రతి నెలా అడిగితే విసుక్కోవడం కుదరదు. జిల్లా పేజీ రాసే మిత్రులకు కూడా ఒక విన్నపం: గొడవ రాయండి, దాని కిందే పాసైన పది ముఖ్యమైన అంశాలు, వాటి మొత్తాలు ఒక పెట్టెలో వేయండి.

మినిట్స్ చేతికొచ్చాక మొదట చూడాల్సింది నీళ్ల పద్దు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని కట్టుబడి నిధులుగా పెట్టింది. అందులో సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. ఏపీలో 2021 మార్చిలో వచ్చిన కౌన్సిళ్ల అయిదేళ్ల గడువు కూడా దాదాపు ఆ నిధుల కాలానిదే. మీ పట్టణానికి ఆ సగం కింద ఏ ఏడాది ఎంత వచ్చింది, ఎన్ని మీటర్ల పాత పైపు మార్చారు, అందులో మీ వీధి ఉందా, లేకపోతే ఎవరి వీధి ఉంది... ఈ నాలుగూ తీర్మానం నంబరుతో సహా అడగండి.